ఫ్రాన్స్ సంగతి

1945 ఎండాకాలం. వరంగల్‌లోని ఆ పఠనాలయంలో శుక్రవారం సాయంత్రం కాలు పెట్టడానికి చోటు లేదు. వకీలు కిషన్ రావు ఫ్రాన్స్ విప్లవం గురించి మాట్లాడుతున్నాడు. వరుసగా ఇది ఆరో వారం.

"రాజు దేవుడి అంశ అన్నరు. జనం నమ్మిండ్రు. ఒకనాడు కొందరు అడిగిండ్రు, ఇది బుద్ధికి ఒప్పుతదా అని. గంతే! ఆ ప్రశ్నకే సింహాసనం కూలింది. ఏ మనిషీ ఇంకొకనికి బానిసగా పుట్టలే. ఇది హక్కు. ఒకరు ఇచ్చేది కాదు, ఒకరు గుంజుకునేది కాదు!"

చప్పట్లు మోగాయి.

వెనక గోడకు ఆనుకుని రాజమల్లు ఒక్క మాట పోకుండా రాసుకుంటున్నాడు. ఆరు వారాలుగా అదే చోటు, అదే శ్రద్ధ. "నా శిష్యుల్ల అసలైనోడివి నువ్వే" అని కిషన్ రావు పోయిన వారం భుజం కూడా తట్టాడు. మొదట్లో ఆ మాటలు రాజమల్లు తలకెక్కలేదు. తర్వాత తర్వాత ఇంటికి పోయినా వదల్లేదు. కంచం ముందు కూర్చుని కూడా హక్కు అనే మాట గురించే ఆలోచించేవాడు.

ఇంతలో ఒక ఆడమనిషి గడప దాటి లోపలికి వచ్చింది. కిషన్ రావు దొరగా ఉన్న ఊరి మొగిలమ్మ. ఆయన పట్నపు ఇంటికి కూరగాయల గంప మోసుకొచ్చింది. ఆమె భర్త యాకయ్య ఆయన బగ్గీ ముందు పరుగెత్తే వెట్టివాడు. ఆ రోజూ ఎండలో ఎనిమిది మైళ్లు పరుగెత్తి వచ్చాడు.

"దొరా, మా ఆయన ఈడనే బయట మెట్ల మీద పడ్డడు. నెత్తురు కక్కుతాండు. దవాఖానకు తీస్కపోత. మల్ల ఊరిదాంక ఉరుకుడు ఆయనతోని కాదు."

కిషన్ రావు ముఖం మాడింది. "లోపలికి ఎవలు రమ్మన్నరే నిన్ను? జరసేపు పండుకుంటే లేస్తడు తియ్యి. పొద్దుగూకక ముందే బగ్గీ కదలాలె."

"ఇప్పుడే చెప్తిరి గద దొరా, ఎవ్వలికి ఎవ్వలు బానిస కాదని. బయట నిలవడి ఇన్న."

"అది ఫ్రాన్స్ సంగతి!"

ఇందాక చప్పట్లు కొట్టినవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. కిషన్ రావు మొగిలమ్మ నిలబడ్డ జంపఖానా వైపు చూశాడు.

"మైలవడ్డది. ఆ జంపఖానా బయటేసి నీళ్లు చల్లున్రి." తర్వాత వెనక గోడ వైపు తిరిగి నవ్వాడు. "రాజమల్లూ, గిది రాసుకోకు."

ఆ నవ్వు చూసి రాజమల్లు రాస్తున్న పుస్తకం మూసేశాడు. ఈ నోటి మాటలనా ఇన్నాళ్లూ నేను రాసింది అనుకుంటే తన వేళ్లను చూసుకోవడానికే రోత పుట్టింది.

లేచి బయటికి నడిచాడు. మెట్ల మీద యాకయ్య గడ్డం నిండా నెత్తురు చారలు. వాటి మీద ఈగలు. "పట్టక్కా" అంటూ ఒక రెక్క తన భుజం మీద వేసుకున్నాడు. ఇంకో రెక్క మొగిలమ్మ పట్టింది.

"మరి బగ్గీ ముందట ఎవడు ఉరకాలె?" గుమ్మంలోంచి కిషన్ రావు అరిచాడు.

మొగిలమ్మ వెనక్కి తిరగలేదు. "ఈయన మాత్రం ఇగ ఉరకడు దొరా."

దవాఖానలో యాకయ్యను చేర్చుకున్నారు. ప్రాణానికి భయం లేదన్నారు.

మరునాడు పొద్దున ఖుఫియా జవాను, అంటే సర్కారు రహస్య పోలీసు, రాజమల్లు తన పై అధికారికి ఇచ్చిన ఆరో వారం నివేదికలో ఒక్కటే వాక్యం ఉంది: "వకీలు కిషన్ రావు వల్ల సర్కారుకు ఏ ప్రమాదమూ లేదు."