ఏడో నంబరు బిళ్ళ

"ఆగు పిల్లా!"

నెవెనా మామ్మ చీపురు గోడకి ఆనించి, రలిత్సా తెల్లకోటు పట్టుకుని లాగింది.

రలిత్సా ఉలిక్కిపడింది.

ముసలామె సొరుగులోంచి చిన్న ప్లాస్టిక్ బిళ్ళ తీసి ఆమె జేబుకి తగిలించింది. దాని మీద ఏడో నంబరు ఉంది.

"నీ ఒంటి మీద ఎన్ని కిరణాలు పడ్డాయో చెప్పేది ఇదొక్కటే. సొరుగులో పడుంటే సొరుగు సంగతే చెబుతుంది."

రలిత్సాది ఎక్స్‌రే టెక్నీషియన్ చదువు, ఆఖరి ఏడాది. డాన్యూబ్ నది ఒడ్డున ఆ చిన్న ఊరి ఆసుపత్రిలో మూడు నెలలు పని నేర్చుకుంటే సర్టిఫికెట్ చేతికొస్తుంది.

లోపల్నించి బోజిదార్ వచ్చాడు. మూడేళ్ళ కిందట వేరే ఊరి నుంచి వచ్చి ఆ విభాగానికి పెద్ద అయినవాడు.

"మళ్ళీ మొదలెట్టావా మామ్మా? నువ్వు తుడవాల్సింది నేల. మా జేబులు కాదు."

"నేల ఎక్కడికీ పోదులే నాయనా."

రలిత్సాతో కలిపి విద్యార్థులు నలుగురూ నవ్వారు.

బోజిదార్ బిళ్ళ ఊడదీసి సొరుగులో పడేశాడు.

"ఇక్కడున్నది ముగ్గురు టెక్నీషియన్లం. బిళ్ళలో లెక్క పెరిగిందా, ఒకణ్ణి ఇంట్లో కూర్చోబెడతారు. అప్పుడు గది మూత. మీ సర్టిఫికెట్లూ మూతే. అర్థమైందా?"

అందరికీ బాగానే అర్థమైంది.

రోజూ మామ్మ తగిలించేది. రోజూ బోజిదార్ ఊడదీసేవాడు.

ఎక్స్‌రే గదిని ఆనుకునే టీ గది. విద్యార్థులు చదువుకునేదీ, తినేదీ అక్కడే. వేసవిలో మరమ్మతులప్పుడు రెండు గదుల మధ్య గోడ పడగొట్టి కొత్తది కట్టారు. నది మీంచి పొగమంచు కిటికీలదాకా వచ్చేసే ఆ చలిలో, కొత్త గోడ పక్క బెంచీ అంటే రలిత్సాకి ప్రాణం. గదుల్ని వెచ్చబరిచే వేడినీళ్ళ గొట్టం అటే పోతుంది. ఎర్ర మిరప పచ్చడి రాసిన రొట్టె తిని, వీపు గోడకి ఆనించి చదువుకునేది.

"అక్కడ కూర్చోకు తల్లీ."

"ఏం మామ్మా?"

"పాత గోడలో సీసం రేకు ఉండేది. కిరణాల్ని దాటనిచ్చేది కాదు. ఇది తట్టి చూడు, డొల్ల."

గుమ్మంలో బోజిదార్ పకపకా నవ్వాడు.

"ఓహో! చీపురుకి సీసం సంగతులు కూడానా!"

అవతల యంత్రం బుయ్యిమంది. ఆ మోత ఆగేదాకా మామ్మ గోడనే చూస్తూ, పెదాలు కదిలిస్తూ, సెకన్లు లెక్కపెట్టింది.

రలిత్సా లేవబోయింది. కానీ బెంచీ వెచ్చగా ఉంది. లేవలేదు.

ఆ తర్వాత మామ్మ బిళ్ళలు తగిలించడం మానేసింది. పీడ వదిలిందనుకున్నారు.

నెలాఖరున బిళ్ళల్ని రాజధాని సోఫియాలోని ల్యాబ్‌కి పంపుదామని లెక్కపెడితే ఏడోది లేదు.

వెతగ్గా వెతగ్గా టీ గదిలో దొరికింది. బెంచీ వెనక, కొత్త గోడకి మేకు కొట్టి వేలాడదీసి ఉంది.

"నేనే పెట్టాను," అంది మామ్మ. "మూడు వారాలైంది. దాన్నీ పంపించు నాయనా."

"ముందు నిన్ను పంపిస్తా!"

బోజిదార్ ఫిర్యాదు రాసి రలిత్సా ముందుకి తోశాడు.

"బిళ్ళ నీ పేరు మీదుంది. మామ్మ దొంగిలించిందని సంతకం పెట్టు. లేకపోతే పోగొట్టింది నువ్వని రాయాల్సొస్తుంది. నీ సర్టిఫికెట్ నీ ఇష్టం."

రలిత్సా తల దించుకుని సంతకం పెట్టింది.

మామ్మ పని కోటు విప్పి, మడతపెట్టి కుర్చీ మీద ఉంచింది.

"బాధపడకు తల్లీ. ల్యాబ్ నుంచి కాయితం వచ్చిన రోజు మాత్రం నువ్వే చదువుకో. ఇంకొకళ్ళు చదివి చెబితే నమ్మకు."

లెక్క తగ్గకూడదని ఏడో బిళ్ళని కూడా మిగతావాటితో పాటు ల్యాబ్‌కి పంపేశారు. జనవరిలో కాయితం వచ్చింది.

బోజిదార్ నిలబడి చదవడం మొదలుపెట్టాడు. సగంలో కూర్చున్నాడు.

"ల్యాబ్ వాళ్ళ పొరపాటయ్యుంటుంది," అంటూ మడిచి జేబులో పెట్టుకోబోయాడు.

"ఇటివ్వండి సార్."

"నీకెందుకు?"

"ఏడోది నాది."

మిగతా బిళ్ళలన్నిటికీ సున్నా. ఏడో నంబరు కింద ఎర్ర గీత. మామూలు మనిషికి కొన్నేళ్ళలో కూడా పడకూడనంత, మూడు వారాల్లో పడింది. అడుగున ఒకే వాక్యం: 'ఈ బిళ్ళ పెట్టుకున్న మనిషికి వెంటనే రక్తపరీక్ష చేయించండి.'

రలిత్సా చెయ్యి వెనక్కి వెళ్ళి తన వీపునే తడుముకుంది.

ఆ పూటే రెండు గదులకీ తాళాలు పడ్డాయి. విద్యార్థులు నలుగురికీ రక్తం తీశారు. ఫలితాలకి పదిరోజులు పడుతుందన్నారు.

రలిత్సా ఆఫీసులో అడ్రసు అడిగి, అయిదు ఎర్ర పువ్వులు కొనుక్కుని నెవెనా మామ్మ ఇంటికి వెళ్ళింది. ముందు క్షమించమని అడగాలి. తర్వాత, తనకేమవుతుందని అడగాలి.

గేటుకి నల్ల అంచు కాయితం అతికించి ఉంది. మామ్మ ఫొటో. పోయి ఇరవై రోజులైంది.

అక్కడి ఆచారం ప్రకారం బతికున్నవాళ్ళకి పువ్వులు బేసి సంఖ్యలో ఇస్తారు, పోయినవాళ్ళకి సరి సంఖ్యలో. రలిత్సా ఒక పువ్వు జేబులో పెట్టుకుని, నాలుగు గేటు దగ్గర ఉంచింది.

పక్కింటి ముసలాయన మంచు ఎత్తిపోస్తూ ఆగాడు.

"ఎవరమ్మా నువ్వు?"

"ఆసుపత్రి నుంచి తాతా. మామ్మ మా దగ్గర నేల తుడిచేది."

ఆయన పార నేలకి ఆనించాడు.

"ముప్ఫయ్యేళ్ళ కిందట ఆ ఎక్స్‌రే గదికి పెద్దగా ఉన్నది ఆవిడేనమ్మా, పని ఆగకూడదని బిళ్ళల్లో లెక్క పెరిగినా తను చూసీచూడనట్టు ఊరుకున్నందుకు, చేతులారా పని నేర్పిన ముగ్గురాడపిల్లలూ ఒకరి తర్వాత ఒకరు పోతే, నాలుగో పిల్ల పోకూడదని చీపురు పట్టుకుని మళ్ళీ అక్కడికే వెళ్ళింది."