ఎడమ చెవి

పిలిస్తే ఈవిడ పలకనిది వినబడకా, పొగరుతోనా? భార్య మీద ఆయనకి ఏళ్ల తరబడి ఉన్న సందేహమది. విసుగొచ్చి "బండరాయి" అని పేరు కూడా పెట్టాడు.

దేవుడి పాటలు వినడానికి ఇంట్లో ఉన్న రెండు చిన్న స్పీకర్లకి ఆంప్లిఫయర్ కొనాలని ఇద్దరూ దుకాణానికి వచ్చారు. దుకాణదారు ఆమెకి హెడ్‌ఫోన్స్ తగిలించి, పాట ఒక్క ఎడమ చెవిలోకే వచ్చేలా బ్యాలెన్స్ మీట తిప్పాడు.

"పాట ఆగిపోయిందే!" అందామె.

"ఇదీ చెడిందేనా? ఇందాకటిదీ ఇంతే. మంచి సరుకే లేదటయ్యా నీ దగ్గర?" అన్నాడాయన.

"నిక్షేపంలా ఉంది బాబాయ్ గారూ. మీరే వినండి."

హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. ఎడమ చెవిలో పాట గలగలా పారుతోంది.

ఆయన మొహం పాలిపోయింది. "ఎప్పట్నించే?"

"మనమ్మాయి పుట్టినప్పుడు జ్వరమొచ్చిందిగా, అప్పట్నించి."

"నాకు చెప్పొద్దూ?"

"చెప్పానండీ. మీరే వినిపించుకోలేదు."

ఇన్నేళ్లూ ఆయన కుర్చీ, మంచంలో ఆయన చోటు ఆమెకి ఎడమ పక్కనే.

"ఇదే కట్టివ్వు బాబూ," అని, ఆమె కుడి పక్కకి వెళ్లి వంగాడు.

"తప్పయిందే. మన్నించు."

ఆమె కళ్లు తుడుచుకుంది. "వినబడింది లెండి."