కాఫీ గ్లాసు పరీక్ష

నర్సింగులో చేరాలంటే ముందు శరీరశాస్త్రం గట్టెక్కాలి. సూది సాధనకి చేరబోయేవాళ్ల ఇంటింటికీ ఓ కదిలే రోగి బొమ్మని పంపుతారు. తెనాలిలో సువార్త ఇంటికొచ్చిన బొమ్మని కాలేజీలో కూర్చుని ఆడించేది పరీక్ష పెట్టే కరుణమ్మ మేడమే; దాని నోటితోనే కసురుతుంది. సూది తప్పితే చాలు, "అది నరమా, నా తలకాయా?" అంటూ చెయ్యి లాగేసుకుంటుంది.

ఆఖరి పరీక్షనాడు సువార్త సూది పట్టుకుని ఎంత వెతికినా బొమ్మ చేతిలో నరం దొరకలేదు. ఈసారి తప్పితే సీటు పోయినట్టే.

"ఇంటికొచ్చిన మనిషే, ముందు కాఫీ ఇయ్యవే!" అని వంటింట్లోంచి అమ్మ కేకేసింది.

సువార్త వేడి గ్లాసు బొమ్మ చేతిలో పెట్టి, "అత్తా, కాస్త చురుక్కుమంటదంతే," అంది. బొమ్మ గ్లాసుని గట్టిగా పట్టుకుంది. ఆ బిగింపుకి, వేడికి మనిషి చేతిలోలాగే నరం ఉబ్బి పైకి తేలింది. సూది ఒక్కసారికే దిగింది!

తల్లీకూతుళ్లు గంతులేస్తుంటే బొమ్మ గద్దించింది.

"పాసయ్యావు. మళ్లీ అత్తా అన్నావో, మార్కులు కోసేస్తా. మీ అమ్మని ఇంకో గ్లాసు కాఫీ పెట్టమను, ఈసారి తాగడానికి నేనే వస్తున్నా."