పదకొండు సెకన్లు

"ఇదేంటండీ మూర్తిగారూ, మిషను తల చెక్కని ముట్టుకోకుండానే గాల్లో మూడు చుట్లు తిరిగింది?" అంది శ్రీదుర్గ, లాప్‌టాప్ తెర మీద వేలు పెట్టి.

"ప్రదక్షిణమమ్మా. పని మొదలెట్టేముందు చెక్క చుట్టూ మూడుసార్లు తిప్పుతాను," అన్నాడు రామచంద్రమూర్తి కాస్త సిగ్గుపడుతూ.

అమ్మాయి నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు.

"మోటారు వేడెక్కాలంటే ఎలాగూ ఓ నిమిషం తిప్పాల్సిందే కదండీ. ఉంచేద్దాం."

రాజమండ్రిలో గోదావరి గట్టు పక్కన, టేకు తలుపులు చెక్కే షెడ్డు అది. చెక్కేది కంప్యూటర్ మిషనే అయినా, దాని తల ఎటు వెళ్ళాలో, ఎక్కడ దిగాలో, ఎంత లోతు కొయ్యాలో ఒక్కొక్క లైనూ కూర్చుని రాసింది మాత్రం మూర్తి. పద్దెనిమిదేళ్ళుగా రాస్తూనే ఉన్నాడు. ఇప్పుడు ఓనరు వెంకటరాజుగారు తేల్చి చెప్పేశారు. ఆరు గంటలు పట్టే తలుపు అయిదు గంటల్లోపు పూర్తవ్వాలి, లేదంటే మిషన్ని పాత ఇనుముకి ఇచ్చేస్తారు. మిషనే లేకపోతే ఇక మూర్తికి అక్కడేం పని? అందుకే, రాసిన కోడ్ చదివి అందులో వృథా ఎక్కడుందో చూపించే సాఫ్ట్‌వేర్ పట్టుకుని కాకినాడ నుంచి ఈ అమ్మాయి దిగింది.

దిగిన దగ్గర్నుంచీ నోటికి విశ్రాంతి లేదు. "నిజానికి వేరేవాళ్ళు రావాలండి, నేనే అడిగి మరీ వచ్చాను" అంది. "ఈ కిటికీకి పచ్చరంగు ఎప్పుడేశారండీ?" అంది. ఒకదానికి జవాబు చెప్పేలోపే ఇంకో ప్రశ్న.

మూర్తికి అవేవీ సరిగా చెవికెక్కడం లేదు. తెర మీంచి చూపు తిప్పుకోలేకపోతున్నాడు. తను రాసిన అంకెలన్నీ నల్లటి శూన్యంలో నీలం దారాలై అల్లుకుంటున్నాయి. అదిగో లత, అదిగో హంస మెడ. ఇన్నాళ్ళూ తన తలలో మాత్రమే ఉన్న దారులు బయటికొచ్చి, తెల్లవారుజామున గోదావరి మీద మంచులా మెల్లగా తేలుతున్నాయి. ఇంత అందమైన పని చేశానా నేను, అనుకుంటే కళ్ళు చెమర్చాయి. నీలం మధ్యలో అక్కడక్కడా ఎర్ర దారాలున్నాయి. అవి వృథా.

"ఒక్కో ఆకు చెక్కగానే తలని ఇంత పైకెందుకు లేపుతున్నారండీ?"

"ఒకసారి చెక్కని పట్టి ఉంచే బిగింపుకి తగిలి, చెక్కే బిట్టు విరిగిపోయిందమ్మా. అప్పట్నుంచీ భయం."

"బిగింపులు అంచుల్లోనే ఉన్నాయి కదండీ. మధ్యలో పావంగుళం లేపితే చాలు." టకటకా నొక్కింది. ఎర్ర దారాలు గుత్తులుగా రాలిపోయాయి. "ఈ హంస దగ్గర్నుంచి ఆ చివరి హంస దాకా పోయి, మళ్ళీ వెనక్కొచ్చి పువ్వు చెక్కుతోంది. దారిలోనే చెక్కేస్తే పోలేదూ?"

మామూలుగా అయితే మూర్తికి ఒళ్ళు మండేదే. ఈ పూట ఎందుకో ఊఁ కొడుతూ కూర్చున్నాడు. నిమిషాలు తగ్గుతూ తగ్గుతూ వచ్చి, అయిదు గంటల ఆరు సెకన్ల దగ్గర ఆగాయి.

ఒకే ఒక్క ఎర్ర దారం మిగిలింది. చెక్కడం అంతా అయ్యాక మిషను తల పైకి లేచి, కిటికీ వైపు మూలకి వెళ్ళి, అక్కడ గాల్లో రెండుసార్లు వంగి, అప్పుడు తన చోటికి చేరుతుంది. దానికి పదకొండు సెకన్లు.

దీని గురించి మాత్రం శ్రీదుర్గ ఏమీ అడగలేదు. మూర్తే చెప్పాడు.

"అప్పట్లో బడి నుంచి వస్తూ ఓ పిల్ల ఆ కిటికీ దగ్గర ఆగేదమ్మా. ఆరేళ్ళుంటాయేమో. బయట పేర్చిన దుంగల మీదకెక్కి చువ్వలు పట్టుకునేది. పేరడిగితే పలికేది కాదు. దానికి మాటలు రాలేదని వీధిలో అనుకునేవాళ్ళు. ఓ రోజు సరదాకి మిషను చేత తల వంచించాను, ఏం పిల్లా బాగున్నావా అన్నట్టు. అదీ తల రెండుసార్లు వంచింది! ఇక రోజూ అంతే. నాలుగింటికి తలుపయ్యేది, ఇది వంగేది, అది వంగేది. తర్వాత వాళ్ళు ఊరొదిలి వెళ్ళిపోయారు. నాకే తీసెయ్యబుద్ధి కాలేదు, ప్రతి తలుపుకీ రాసేస్తున్నాను."

శ్రీదుర్గ చూపు కిటికీ వైపు పోయింది.

మూర్తి తెర మీద ఆ ఎర్ర దారం చూపించాడు. "తీసెయ్యమ్మా. ఆరు సెకన్ల కోసం మిషన్ని పోగొట్టుకోలేను."

"నేను చూసుకుంటానులెండి," అని ఆమె తెర తనవైపు తిప్పుకుంది. పది నిమిషాలకి మళ్ళీ చూపించింది. నాలుగు గంటల యాభై తొమ్మిది నిమిషాల యాభై అయిదు సెకన్లు. మూర్తి మనసులో లెక్క కట్టుకున్నాడు. సరిగ్గా పదకొండు తగ్గాయి. మిషను దక్కుతుందన్న సంతోషం ఉండాల్సింది. దాని బదులు ఎవరినో రైలెక్కించి వచ్చినట్టు బెంగగా అనిపించింది.

పదకొండింటికి కొత్త ప్రోగ్రాం మొదలైంది. కిటికీలోంచి పడుతున్న ఎండలో పొట్టు బంగారు రంగులో తేలుతోంది. మిషను తల మునుపెన్నడూ లేనంత తేలిగ్గా, నిద్దట్లో నడిచినట్టు, ఆకు మీంచి ఆకుకి సాగిపోతోంది.

నాలుగవుతుండగా శ్రీదుర్గ సంచీ భుజానికి తగిలించుకుంది. "ఆటో వచ్చిందండి."

"ఇంకో రెండు నిమిషాలుంటే అయిపోతుంది కదమ్మా," అన్నాడు మూర్తి. వినిపించుకోకుండా వెళ్ళిపోయింది. ఆయన మనసు చిన్నబోయింది.

ఆఖరి ఆకు పూర్తయింది. గుమ్మంలో వాచీ చూసుకుంటున్న వెంకటరాజుగారు, "ఉండనిద్దాంలే మూర్తీ, ఇక దీన్ని అమ్మను," అని వెళ్ళిపోయారు.

మిషను తల పైకి లేచింది. తన చోటికి పోవాల్సింది, పోలేదు. కిటికీ వైపు మూలకి వెళ్ళి, మెల్లగా రెండుసార్లు వంగింది.

తియ్యలేదన్నమాట! మరి ఆ పదకొండు సెకన్లు ఇంకెక్కడ మిగిల్చిందో ఈ పిల్ల, అనుకుంటూ మూర్తి అలవాటు కొద్దీ కిటికీ వైపు చూశాడు.

చువ్వలు పట్టుకుని బయట నిలబడ్డ శ్రీదుర్గ, ఒక్క మాటా లేకుండా, తల రెండుసార్లు వంచింది.