గట్టు మీద కంచె

"కొట్టుకోకుండా ఏమైనా అనుకోండి. నేను చెప్పేదాకా ఈ తలుపు తెరుచుకోదు," అంది నాగజ్యోతి, గడియ పెడుతూ.

బాపట్లలో ఒక టిఫిన్ హోటలు మీద ఉన్న ఆ గది ఒక చిన్న స్వచ్ఛంద సంస్థది. కులాల మధ్య, మతాల మధ్య రేగిన తగాదాలు పోలీసు స్టేషను దాకా పోకుండా సర్దిచెప్పడం ఆ సంస్థ పని. నడిపేది నాగజ్యోతి. రిటైరైన టీచరు. పిల్లలను అదిలించిన గొంతు ఇంకా అలాగే ఉంది.

గది మధ్యలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి ఉన్నాయి. ఒకదానికి 'పొలం' అని, రెండోదానికి 'పల్లె' అని కాగితాలు అంటించి ఉన్నాయి. వెనక బెంచీల మీద రెండు వైపుల జనం. ఎవరూ ఎదుటివాళ్ళ మొహం చూడటం లేదు. కింది నుంచి వేడి ఇడ్లీ వాసన వస్తున్నా ఎవరికీ ఆకలి గుర్తు లేదు.

తగాదా పిట్టలవానిపాలెం దగ్గరి ఊళ్ళోది. క్రైస్తవుల పల్లెలో ఎవరు పోయినా, రైతు పున్నారావు పొలం గట్టు మీదుగానే సమాధుల తోటకు మోసుకెళ్ళేవారు. తాతల నాటి నుంచీ అదే దారి. నిరుడు పున్నారావు ఆ గట్టుకు అడ్డంగా ముళ్ళకంచె వేశాడు. మొన్నటి తుఫానులో పల్లె పెద్ద బర్నబాస్ తల్లి అన్నమ్మ పోతే, పెట్టెను మురుగు కాలువలో దిగి దాటించారు.

ఇప్పుడు బర్నబాస్ తండ్రి జకరయ్య వంతు. ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పేశారు. నన్నూ ఆ నీళ్ళలోంచే మోస్తారా అని కనిపించిన వాళ్ళనల్లా అడుగుతున్నాడు ముసలాయన. కంచె తెంపుతామని పల్లె వాళ్ళు. తెంపిన చేతులు ఉండవని పొలం వాళ్ళు. ఇవాళ ఈ గదిలో తేలకపోతే రేపు ఆ గట్టు మీద నెత్తురు పారుతుంది.

"పొద్దున చెప్పిన నియమం గుర్తుందిగా? మధ్యలో ఆపకూడదు. తెలిసింది దాచకూడదు," అంది నాగజ్యోతి.

కుర్చీల్లో ఇద్దరూ తలలూపారు. ఇద్దరూ అరవై దాటినవాళ్ళే.

పొలం కుర్చీలో మనిషి గొంతు సవరించుకున్నాడు.

"ఏరా బర్నబాసూ! నా గట్టు నీ అబ్బ సొత్తేంట్రా?"

వెనక బెంచీ మీంచి పున్నారావు కొడుకు విష్ణువర్ధన్ చివ్వున లేచాడు.

"కూర్చో బాబూ," నాగజ్యోతి కసిరింది.

"దారి అడిగాం గానీ పొలం అడగలేదు కదండీ," అన్నాడు పల్లె కుర్చీలో మనిషి, మెల్లగా.

"ఇవాళ దారంటావు. రేపు రోడ్డంటావు. ఎల్లుండి నా చేలో చర్చి కడతానంటావు. మా తాత జాలిపడి నడవనిచ్చాడు. ఏదీ, కాగితం ఉంటే చూపించు!"

"కాగితం ఎక్కడిదండీ? నాట్లకి మా ఆడాళ్ళు ఆ గట్టు మీదే వస్తారు. అప్పుడు మీరు కాగితం అడగరు. వంగి నాటేవాళ్ళకి దారుంది, పడుకుని పోయేవాళ్ళకి లేదా?"

ఎవరో కిసుక్కున నవ్వబోయి నోరు నొక్కుకున్నారు.

"నోరు లేస్తోందే! మా ఆవిడ పున్నమ్మ పోయిన రోజు నీ ఇంటి ముందు నీ కూతురి పెళ్ళి బాండు మోగింది. నీ పిల్లలకి చల్ల పోసి పెంచిన మనిషి అది. దాన్ని వాకిట్లో పడుకోబెట్టుకుని నేను ఆ బాండు విన్నాను. ఆపించావా?"

పల్లె కుర్చీలో మనిషి తల వంచేశాడు. ఎదుటి కుర్చీ ఆగలేదు.

"మా వీధి మలుపు దాకా వచ్చి తిరిగిపోయావు. గుమ్మంలోకి రావడానికి మొహం చెల్లలేదు నీకు. ఆ రోజే అనుకున్నాను, నీ ఇంట్లో చావు నా గట్టు తొక్కకూడదని."

"దానికి మా అమ్మేం చేసిందండీ?" అన్నాడు పల్లె కుర్చీలో మనిషి. "నడుం లోతు నీళ్ళు. పెట్టె ఓ పక్కకి ఒరిగింది. పైనున్న దండ కొట్టుకుపోతుంటే, చెయ్యి చాపితే పెట్టె జారిపోద్దని వదిలేశాం. మోటారు షెడ్డులో నిలబడి మీరు అంతా చూశారు. గట్టు మీదుగా పొండ్రా అని ఒక్క కేక వేస్తే చాలు. మాట నోటిదాకా వచ్చింది. మింగేశారు."

పొలం కుర్చీలో మనిషి ఉలిక్కిపడ్డాడు. షెడ్డు సంగతి ఇంతవరకూ ఎవరి నోటా రాలేదు.

"చూస్తే?" అన్నాడు. గొంతు మునుపటిలా లేవలేదు. "చూస్తే ఏంటి? నా షెడ్డు, నా ఇష్టం."

"మా నాన్నని కూడా అందులోనే దింపమంటారా? కంచె తియ్యండి, పున్నారావు గారూ."

"తియ్యను. కాళ్ళ మీద పడ్డా తియ్యను."

"పడతానండీ."

పల్లె కుర్చీలో మనిషి నేల మీదికి జారి, ఎదుటి మనిషి పాదాలు రెండు చేతులతో పట్టుకున్నాడు. పొలం కుర్చీలో మనిషి కాళ్ళు వెనక్కి లాక్కోబోయాడు. లాక్కోలేకపోయాడు.

"ఒకరి మాట ఒకరు పలికింది చాలు, ఇక ఎవరి కుర్చీలోకి వాళ్ళు వెళ్ళండి," అని నాగజ్యోతి అనగానే నేల మీంచి పున్నారావు, పొలం కుర్చీలోంచి బర్నబాస్ లేచారు.