అందుకునే చోటు

ముసలాయన స్టేజి దగ్గరికొచ్చి క్లైవ్ బూటు పట్టుకుని లాగాడు.

"విప్పెయ్!"

గిటారు శ్రుతి చేసుకుంటున్న క్లైవ్ రడ్డాక్ ఉలిక్కిపడ్డాడు.

ఒకప్పుడు అతని రాక్ బ్యాండు కోసం సిడ్నీలో మైదానాలు నిండిపోయేవి. ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు పోర్ట్ కెంబ్లా స్టీలు కార్మికుల క్లబ్బులో, అక్కడికొచ్చే తాతలూ అమ్మమ్మలూ పడుచువాళ్ళుగా గంతులేసిన తొలినాటి రాక్ అండ్ రోల్ పాటలు వాయిస్తున్నాడు.

సరదాకి పెట్టిన చిన్న బ్యాండని అందరికీ చెప్పాడు.

చెవులు పోతున్నాయన్న సంగతి అతనికీ డాక్టరుకీ తప్ప ఎవరికీ తెలియదనుకుంటున్నాడు. పెద్ద బ్యాండు మోతని అవి ఇక తట్టుకోలేవన్నాడు డాక్టరు. ఈ చిన్న బ్యాండూ పోతే క్లైవ్‌కి సంగీతమే లేదు.

"ఏం పెద్దాయనా, బీరు ఎక్కువైందా?"

ముసలాయన నవ్వలేదు. అతని ముఖంలోకే చూస్తూ, హాలంతా వినపడేలా అన్నాడు.

"ఇందాకటి పాటలో ఆగి అందుకునే చోట తప్పావు. పోయిన వారమూ అంతే."

బల్లల దగ్గర తలలు ఇటు తిరిగాయి.

పెద్ద బ్యాండులో తప్పులు మోతలో కలిసిపోయేవి. ఈ పాటల్లో దాక్కోవడానికి చోటే లేదు. మధ్యలో వాయిద్యాలన్నీ ఠక్కున ఆగిపోతాయి. గొంతొక్కటే ఒక చరణం పాడుతుంది. డ్రమ్ము చిన్నగా పిలవగానే అందరూ ఒక్కసారిగా అందుకోవాలి.

ఆ పిలుపే క్లైవ్‌కి అందడం లేదు.

ఈ ముసలాడు మాత్రం బూట్లు మూల పడేసి, మేజోళ్ళతోనే డాన్సు చేస్తాడు. పాట ఆగితే ఆగుతాడు, అందుకుంటే అందుకుంటాడు. వెంట్రుకవాసి తేడా రాదు.

ఎంత చెవిరా వీడిది అని క్లైవ్ ప్రతివారం కుళ్ళుకున్నాడు.

"విప్పి నాలాగ నుంచో. చెప్తాను."

"మేనేజర్!" క్లైవ్ కేక పెట్టాడు. "నేను కావాలో ఈయన కావాలో తేల్చుకోండి!"

కొత్త మేనేజరు పరుగున వచ్చి వెనకనుంచి పిలిచాడు.

"పెద్దాయనా! మిమ్మల్నే!"

ముసలాయన తిరిగైనా చూడలేదు.

పొగరు చూడు, అనుకున్నాడు క్లైవ్.

డాన్సులో ఎప్పుడూ ఆయనకి జోడీగా ఉండే భార్య షెరిల్ వచ్చి భుజం తట్టింది.

"పద మర్వ్. మనం ఎక్కువైపోయాం ఇక్కడ."

"అతనికొక్క మాట చెప్పనీ..."

"వినేవాళ్ళకి చెప్పాలి!" క్లైవ్ వైపు తిరిగింది. "నీ పేరు పెద్దదే నాయనా. బుద్ధే చిన్నది."

ఆ తర్వాత వాళ్ళు రాలేదు.

చలికాలం వచ్చేసరికి క్లైవ్ ప్రతి పాటలోనూ తప్పసాగాడు. డాన్సు చేసేవాళ్ళు కాళ్ళు తడబడి ఒక్కొక్కరే కూర్చుండిపోయారు.

ఒక ఆదివారం అందరికంటే ముందే అందుకుని, నిశ్శబ్దంలో ఒక్కడే వాయిస్తూ ఉండిపోయాడు.

డ్రమ్ముల వెనక నోలీన్ కర్రలు కింద పెట్టేసింది.

"వినపడటం లేదు కదూ?"

క్లైవ్ గిటారు దించేశాడు.

"ఇన్నాళ్ళు కప్పిపుచ్చాను. ఇంక నావల్ల కాదు క్లైవ్."

ఆమె వెళ్ళిపోయింది. బ్యాండు ఆ రోజుతో సరి.

మర్నాడు క్లైవ్ వెతుక్కుంటూ షెరిల్ ఇంటికి వెళ్ళాడు.

"మీ ఆయనకి క్షమాపణ చెప్పుకోవాలమ్మా. నా ఎదురుగా ఉంటే చాలు. ఆయన అడుగు చూసి అందుకుంటాను. మళ్ళీ మొదలుపెడతాను."

"ఆలస్యంగా వచ్చావు. పోయిన నెలే పాతిపెట్టాం."

క్లైవ్ గుమ్మంలోనే కూలబడ్డాడు.

షెరిల్ కోపం చల్లారింది. అతని ఎదురుగా కూర్చుంది. ముఖానికి ముఖం పెట్టి, పెదవులు నిదానంగా కదుపుతూ చెప్పింది.

"నీ జబ్బు మొదటి వారమే కనిపెట్టాడు. నేల అదురు పాదాలతో పట్టుకోవడం నీకు నేర్పాలని తపించిపోయాడు."

"అంత చెవి ఉన్న మనిషికి ఈ బాధ ఎలా తెలిసిందమ్మా?"

షెరిల్ అతన్ని వింతగా చూసింది.

"ఏ చెవి నాయనా? ఫ్యాక్టరీలో బాయిలర్ల దగ్గర సుత్తి మోతకి పెళ్ళికి ముందే మర్వ్‌కి రెండు చెవులూ పోయాయి. మా కాపురం మొత్తంలో ఆయన నా గొంతు ఒక్కసారి కూడా వినలేదు."