గన్నేరుపూల తీర్పు

ఆ ఇంట్లో కూర దగ్గర్నుంచి కాపురం దాకా అన్నిటికీ పొట్లాలే.

"దొండకాయ వండనా అత్తయ్యా?" అని కోడలు అడిగితే చాలు, పద్మావతమ్మ గారు రెండు కాగితం ముక్కలు చింపేవారు. ఒకదాంట్లో ఎర్ర గన్నేరు పువ్వు, ఇంకోదాంట్లో తెల్లది. ఎర్రదొస్తే సరే, తెల్లదొస్తే వద్దు. దుర్గమ్మ పటం ముందు పెట్టి, కొంగులో పోసి కలిపి, కళ్లు మూసుకుని ఒకటి తీసేవారు. రెండోది విప్పకూడదట, పాపమట. తిన్నగా బందరు కాలువలో కలిపేయాలట.

శ్రీదుర్గకు ఒళ్లు మండేది. లెక్కల్లో ఎమ్మెస్సీ చదివిన మనిషి, దొండకాయ వండాలో వద్దో గన్నేరు పువ్వునడిగి తెలుసుకోవాలా! బుర్ర వాడటానికి బద్ధకమైన వాళ్లు బొమ్మాబొరుసూ వేసుకుంటారు. ఈవిడ ఆ బద్ధకానికి పసుపూ కుంకుమా పూసి పీటెక్కించింది.

"పోనీలెద్దూ, అమ్మకదో తృప్తి," అంటాడు భర్త హర్షవర్ధన్. బెజవాడలో బ్యాంకు మేనేజరు. స్కూటర్ కొనాలన్నా తల్లి పొట్లం విప్పేదాకా గోళ్లు కొరుక్కుంటాడు. తలూపడంలో అతనికన్నా గంగిరెద్దే నయం.

ఇప్పుడు శ్రీదుర్గకు పామర్రు కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. మూడేళ్లు ఎదురుచూసిన ఉద్యోగం. సోమవారం చేరాలి, లేదంటే ఇంకొకరికి పోతుంది.

"రోజూ బస్సులో అంతదూరం వెళ్లొస్తావా? ఇల్లెవరు చూస్తారు?" అన్నారు పద్మావతమ్మ గారు. "సర్లే, నాదేముంది. అమ్మవారినే అడుగుదాం."

"అడుగుదాం అత్తయ్యా. ఈసారి పొట్లాలు నేను కడతాను."

"కట్టమ్మా. ఎవరు కడితేనేం? ఏదొచ్చినా కాదనకూడదు సుమా."

"అస్సలు అననండి. మీరూ అనకూడదు."

"అయ్యో, అమ్మవారి మాట కాదంటానా?"

ఎంత పిచ్చి మాలోకం అనుకుంది శ్రీదుర్గ. నవ్వు ఆపుకోవడం కష్టమైంది. శుక్రవారం పొద్దున్నే లేచి, స్నానం చేసి, పొట్లాలు కట్టి పళ్లెంలో పెట్టింది. సోమవారం వస్తున్నానని కాలేజీకి ఫోన్ కూడా చేసేసింది.

హారతి అయింది. పద్మావతమ్మ గారు పొట్లాలను కొంగులో పోసుకుని కలిపారు. కళ్లు మూసుకున్నారు. ఒకటి తీసి, అందరి ముందూ విప్పారు.

తెల్ల గన్నేరు.

"వద్దంటోంది తల్లీ. నేనేం చెయ్యను?" ఆవిడ కళ్లొత్తుకున్నారు. హర్షవర్ధన్ భక్తిగా చెంపలు వేసుకున్నాడు.

శ్రీదుర్గ విప్పిన పొట్లం కేసి, అత్తగారి కొంగు కేసి మార్చి మార్చి చూసింది.

పొద్దున ఆమె రెండు పొట్లాల్లోనూ కట్టింది ఎర్ర పువ్వులే.